బడి ఆగిపోయింది.. ఫిడేలు చేతికొచ్చింది! పక్కవాద్యాన్ని స్టేజీ మధ్యలో కూర్చోబెట్టిన విజయనగరం మాస్టారి కథ తెలుసా?

విజయనగరం: పిల్లాడికి చూపు అంతంత మాత్రం. దాంతో బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. నూట పాతికేళ్ల కిందటి మాట ఇది. కళ్లజోడు పెట్టించి, ముందు బెంచీలో కూర్చోబెట్టి చదివించే రోజులు కావు. చూపు సరిగా లేనోడు ఇక ఎలా బతుకుతాడు అన్నదే ఇంట్లోవాళ్ల దిగులు. సరిగ్గా ఆ టైంలో సొంత అన్నయ్య ముందుకొచ్చాడు. తనకొచ్చిన ఫిడేలు తమ్ముడికి నేర్పడం మొదలుపెట్టాడు.

అన్నయ్య పేరు వెంకటకృష్ణయ్య. తమ్ముడి పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఫిడేలు నాయుడు గారు అంటే మన ఉత్తరాంధ్రలో పాతతరానికి వెంటనే గుర్తొచ్చే పేరు. మరి ఈ తరానికి? విజయనగరం వీధుల్లో పెరిగిన కుర్రాళ్లలో కూడా ఆయన పేరు విన్నవాళ్లు ఎంతమందో చెప్పడం కష్టమే. అందుకే ఈ కథ.

నాయుడు గారు పుట్టింది మన దగ్గర కాదు, బెంగళూరులో. 1893 నవంబర్ 8, ఆ రోజు దీపావళి అమావాస్య. తండ్రి సైన్యంలో అధికారిగా పనిచేసి రిటైరయ్యారు. కుటుంబం విశాఖపట్నం వచ్చేసింది. పెరిగింది, ఫిడేలు పట్టింది అంతా అక్కడే. చూపు తక్కువైనోళ్లకి చెవి పదునెక్కుతుందని అందరూ అంటుంటారు. అది అందరి విషయంలో నిజమో కాదో గానీ, ఈయన విషయంలో మాత్రం మొత్తం బతుకు చెవి మీదే నడిచింది.

స్టూడెంట్‌గా వచ్చి.. మాస్టారైపోయారు

ఇప్పుడు కథ విజయనగరం కోటకి వస్తుంది. 1919 ఫిబ్రవరి 5న మహారాజా విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టించారు. దీని వెనకాల కూడా ఓ చూపులేని పిల్లాడి కథే ఉంది. సంస్థానంలో పనిచేసే ఓ ఉద్యోగికి అంధుడైన కొడుకు ఉన్నాడట. ఆ పిల్లాడి భవిష్యత్తు కోసం ఏం చేయాలని మహారాజు అడిగితే, సంగీతం నేర్పించండి చాలు అని ఆ తండ్రి కోరాడట. ఒక్క పిల్లాడి కోసం మొదలైన ఆలోచన చివరికి కాలేజీ అయిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. కాళ్లకి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి ఒంటిచేత్తో గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టిన మనిషి. మెప్పించడం అంత తేలిక కాదు. అలాంటి దాసు గారి దగ్గరకి ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వచ్చారని, ఆయన వాయింపు విన్నాక నువ్వు నేర్చుకోవడం ఏంటి, నేర్పు అని దాసు గారు నేరుగా మాస్టారి సీట్లో కూర్చోబెట్టారని ఓ కథ. ఎవరు ఎవరితో ఏమన్నారన్నది పక్కన పెడితే, జరిగింది మాత్రం ఇది.. 1919లోనే, 26వ ఏట, ఆయన మహారాజా సంగీత కళాశాలలో వయోలిన్ ప్రొఫెసర్ అయ్యారు. బడి చదువు పూర్తి చేయని మనిషి కాలేజీలో ప్రొఫెసర్!

ఇక్కడ ఓ విషయం గుర్తుపెట్టుకోవాలి. విజయనగరం అప్పటికే వీణకి పెట్టింది పేరు. వాసా వారి వీణ సంప్రదాయం ఈ ఊరిదే. పక్కనే బొబ్బిలి వీణ. పనస చెక్కతో వీణలు చేసే గొల్లపల్లి అక్కడికి దగ్గరే. అలాంటి చోట ఫిడేలు అంటే బయటి నుంచి వచ్చిన చుట్టం లాంటిది. కర్ణాటక సంగీతంలోకి అది వచ్చి అప్పటికి నూరేళ్లు దాటింది అంతే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల బ్యాండు వాయించేవాళ్ల దగ్గర దీన్ని నేర్చుకున్నారు. తంజావూరు వడివేలు దీన్ని రాజాస్థానాల దాకా తీసుకెళ్లారు. అక్కడి నుంచి ప్రతి కచేరీలోనూ ఫిడేలు ఉండాల్సిందే. కానీ ఎక్కడ? పాడేవాళ్ల పక్కన.

గాయకుడు ఓ సంగతి వేస్తే, ఫిడేలు దాన్ని క్షణం వెనకాల నీడలా పట్టుకోవాలి. ఆలాపన అయ్యాక కాసేపు వాయించుకునే ఛాన్స్ ఇస్తారు. అది కూడా మరీ ఎక్కువసేపు వాయించకూడదు, పాడినాయన్ని మించినట్టు ఉండకూడదు. సినిమాలో హీరో ఫ్రెండ్ క్యారెక్టర్ టైపు. నవ్వించొచ్చు, ఏడిపించొచ్చు, పోస్టర్ మీద మాత్రం ఫొటో పెద్దగా పడదు.

ఆ జారుడులోనే ఉంది అంతా

నాయుడు గారు ఏం మార్చారో తెలియాలంటే ముందు ఫిడేలు ఎలా పలుకుతుందో కొంచెం తెలియాలి. మ్యూజిక్ రానివాళ్లు కూడా చదవొచ్చు, కష్టంగా ఉండదు.

వీణకి, గిటార్‌కి మెట్లు ఉంటాయి. ఎక్కడ నొక్కితే ఏ స్వరమో మెట్టు చెప్పేస్తుంది. ఫిడేలుకి ఒక్క మెట్టు కూడా లేదు. నున్నటి చెక్క, దాని మీద నాలుగు తీగలు. వేలు వెంట్రుకవాసి పక్కకి జరిగితే అపస్వరం. అందుకే నేర్చుకునేటప్పుడు మొదటి ఏడాది ఇరుగుపొరుగుకి నరకం అంటారు. కానీ ఆ మెట్లు లేకపోవడమే మన సంగీతానికి వరం. ఓ స్వరం మీద నుంచి ఇంకో స్వరం మీదకి వేలు ఎత్తకుండా జారుకుంటూ వెళ్లిపోవచ్చు. దాన్నే జారు అంటారు. మనిషి గొంతు కూడా అలాగే కదా, ఏడ్చినా పాడినా మెట్లు మెట్లుగా దూకదు.

దొరలు ఫిడేలుని గడ్డం కింద, భుజం మీద ఇరికించి నిలబడి వాయిస్తారు. మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తలని కుడికాలి చీలమండ దగ్గర ఆనించి, రెండో కొసని ఛాతీకి తగిలిస్తారు. దీంతో లాభం ఏంటంటే ఎడమ చేయికి వాయిద్యాన్ని మోసే పని తప్పుతుంది. చేయి ఫ్రీ. తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎంత కావాలంటే అంత జారొచ్చు. తీగల శృతి కూడా మార్చేశారు. దొరల పద్ధతిలో నాలుగు తీగలు నాలుగు వేర్వేరు స్వరాలు. మన పద్ధతిలో సా, పా, మళ్లీ సా, పా. ఎప్పుడూ ఆధార స్వరం తోడుగా మోగుతూనే ఉంటుంది.

రీల్స్‌లో మీరు ఒకటి చూసే ఉంటారు. వేలికి గాజు గొట్టం తొడుక్కుని, మెరిసే రేకు గిటార్ తీగల మీద దాన్ని సర్రున జారుస్తూ, గిటార్ చేత మూలుగులు పెట్టించే అమెరికన్ బ్లూస్ ఆటగాళ్లు. అదే స్లైడ్ గిటార్. నాయుడు గారు విజయనగరంలో పాఠాలు చెబుతున్న అదే రోజుల్లో, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సంగీతకారులు సీసా మెడనో, జేబులో చాకునో తీగ మీద జార్చి ఈ పద్ధతిని పట్టారు. గిటార్‌కి మెట్లున్నా వాటిని పట్టించుకోకుండా పైనుంచి జారిపోవడమే ఆ ట్రిక్. వాళ్లూ తీగల శృతి మార్చుకున్నారు. వాళ్లు ఎక్కువగా వాడే ఓ శృతిని మన లెక్కలో చెప్పాలంటే సా, గా, పా తప్ప ఇంకోటి లేదు. వీళ్లకి వాళ్లు తెలియదు, వాళ్లకి వీళ్లు తెలియదు. రెండు చోట్లా బయటివాళ్ల వాయిద్యమే. దాన్ని తమ గొంతులా పలికించుకోవాలనుకున్నారు, చేయి తనంతట తానే జారుడు దారి వెతుక్కుంది.

ఇంకో పోలిక చెప్పకుండా ఉండలేం. అక్కడ బ్లైండ్ విల్లీ జాన్సన్ అని ఒకాయన. 1897లో టెక్సాస్‌లో పుట్టారు, చిన్నప్పుడే చూపు పోయింది. వీధి మూలల్లో భక్తి పాటలు పాడుతూ స్లైడ్ గిటార్ వాయించి బతికారు. 1945లో పేదరికంలోనే పోయారు. 1927లో ఆయన రికార్డు చేసిన ఓ పాటని 1977లో నాసా వాళ్లు వాయేజర్ నౌకలో బంగారు పూత రికార్డు మీద పెట్టి అంతరిక్షంలోకి పంపారు. అదే రికార్డులో మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ గానం ఉంది. మన నాయుడు గారి కంటే నాలుగేళ్లు చిన్న జాన్సన్. ఒకాయనకి వీధి మూల దక్కింది, ఇంకొకాయనకి రాజా వారి కాలేజీ దక్కింది. ఆదుకునే చేయి ఉండటానికి, లేకపోవడానికి తేడా అంత.

మైకుల్లేని రోజుల్లో సౌండ్ గొడవ

అప్పటి వాయిద్యాలన్నిటికీ ఒకటే తలనొప్పి.. సౌండ్. మైకులు ఇంకా ఇంటింటికీ రాలేదు. పందిట్లో చివరి వరసలో కూర్చున్నోడికి వినపడాలి. అమెరికాలో గిటార్‌కి ఇదే సమస్య వస్తే 1927లో నేషనల్ కంపెనీ వాళ్లు జాన్ డోపెరా డిజైన్‌తో గిటార్ పొట్టలో పల్చటి అల్యూమినియం గిన్నెలు బిగించారు. అవే రెజొనేటర్ గిటార్లు. టాంపా రెడ్ లాంటి బ్లూస్ ఆటగాళ్లు వాటిని ఎగబడి పట్టుకున్నారు. ఇటు మైసూరు చౌడయ్య అయితే ఫిడేలుకి పైన మూడు తీగలు జోడించి ఏడు తీగలు చేసేశారు, నాదం రెట్టింపు కావాలని.

నాయుడు గారు రేకు పెట్టలేదు, తీగ పెంచలేదు. ఆయన పట్టుకుంది కమాను. అంటే ఫిడేలు మీద రాసే ఆ గుర్రపు వెంట్రుకల కర్ర. దాన్ని ఎంత ఒత్తాలి, ఎంత వేగంగా లాగాలి, తీగ మీద ఏ చోట రాయాలి అన్నదాని మీద నాదం మారిపోతుంది. కమాను కొసదాకా పొడవుగా, ఎక్కడా గరగర లేకుండా లాగడం ఆయన ముద్ర. దొరల వాయింపు పద్ధతుల్ని కూడా ఆయన శ్రద్ధగా విని, కమాను పట్టులో, వేళ్ల వాడకంలో పనికొచ్చింది తీసుకున్నారు. గమకం మాత్రం పక్కా మనదే. మెత్తగా ఉంటూనే నిండుగా మోగే ఆ నాదం విన్నవాళ్లు మర్చిపోలేదు. తంబూరా నాదం మీద కూడా ఆయనకి అంత పట్టింపు. దాని లక్షణాల మీద వ్యాసమే రాశారు. శృతి కొంచెం అటూ ఇటూ అయితే ఆయనకి మిగతా ఏదీ సాగదు.

ఈ పట్టుతోనే ఆయన అసలు సాహసానికి దిగారు. ఫిడేలుకి పక్కన ఉండాల్సిన గతి ఏంటి? మనిషి గొంతుకి ఇంత దగ్గరగా పలికే వాయిద్యం ఒంటరిగా కచేరీ ఎందుకు నడపకూడదు? 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ చేశారు. ఫిడేలే మెయిన్, మృదంగం తోడు. కర్ణాటక సంగీతంలో ఇలా సోలో వయోలిన్ కచేరీ చేసిన మొదటి మనిషిగా ఆయన పేరే చెబుతారు.

ఇదేం పెద్ద విషయం అనిపించొచ్చు. ఈ రోజు సోలో వయోలిన్ మామూలే. కానీ అప్పటి శ్రోత టికెట్ కొని వచ్చేది పాట కోసం, అంటే మాటల కోసం. త్యాగరాజు కీర్తనలో రాముణ్ని బతిమాలుతుంటే ఆ మాటలు వినపడాలి. ఫిడేలుకి నోరు లేదు. మరి ఎలా? ఇక్కడే కమాను మళ్లీ పనికొస్తుంది. సాహిత్యంలో అక్షరం ఎక్కడ విరుగుతుందో అక్కడే కమాను దిశ మార్చాలి. దీర్ఘం వస్తే పొడవుగా లాగాలి, ఒత్తు వస్తే చిన్న తాకిడి ఇవ్వాలి. కీర్తన తెలిసినోడికి మాటలు వినపడాల్సిందే. సాహిత్యం పూర్తిగా రాకుండా ఫిడేలు మీద కీర్తన వాయించడం కుదరదని ఆ విద్య నేర్చినవాళ్లని ఎవర్ని అడిగినా చెబుతారు. రెండు మూడు గంటలు, ఒక్క మాట లేకుండా, గాయకుడి చాటు లేకుండా జనాన్ని కూర్చోబెట్టాలి. ఫెయిలైతే మళ్లీ ఎవరూ పిలవరు. అప్పటికే ఆయన కాలేజీ ప్రిన్సిపాల్ కూడా. 1936లో నారాయణదాసు గారి తర్వాత ఆ కుర్చీ ఈయనకే వచ్చింది. పోతే పరువు కూడా పోతుంది.

పోలేదు. మూడేళ్లకి, 1941లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అంతకు మించిన గౌరవం లేదు. చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై, ద్వారం.. ఈ ముగ్గుర్నీ కలిపి వయోలిన్ త్రయం అన్నారు. ఇద్దరూ కావేరి వైపు సంగీతం మధ్యలో పెరిగినవాళ్లు. మనాయన మాత్రం మద్రాసుకి రాత్రంతా రైల్లో వెళ్లాల్సిన విజయనగరంలో కూర్చుని వాళ్ల సరసన నిలబడ్డారు.

దొర ముందు ఫిడేలు

1952లో ప్రపంచం మొత్తం పేరున్న వయోలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మొదటిసారి ఇండియా వచ్చారు. మద్రాసులో చీఫ్ జస్టిస్ పి.వి.రాజమన్నార్ ఇంట్లో ఆయన ముందు నాయుడు గారు వాయించారు. సీన్ ఒకసారి ఊహించుకోండి. దొరల వాయిద్యాన్ని దొరల్లోకెల్లా గొప్పగా వాయించే మనిషి ఎదురుగా కూర్చున్నాడు. విజయనగరం మాస్టారు నేల మీద బాసింపట్టు వేసుకుని, అదే వాయిద్యాన్ని తలకిందులుగా పట్టుకుని, దొరలు ఎప్పుడూ పెట్టని శృతిలో రాగం తీస్తున్నారు. వాయిద్యం ఒకటే, లోపలి మనిషి వేరు.

ఆ తర్వాత గౌరవాలు వరసకట్టాయి. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ. ఢిల్లీలో అంధుల సహాయార్థం కచేరీ కూడా చేశారు. ఎవరి కోసం వాయిస్తున్నారో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఫిడేలు అంటే విజయనగరానికి ఎంత దగ్గరో చెప్పడానికి ఇంకో సాక్ష్యం ఉంది. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన కథారచయిత చాసో రాసిన గొప్ప కథల్లో ఒకదాని పేరు వాయులీనం. సంగీతం వచ్చిన ఇల్లాలి ఫిడేలుని ఇంటి కష్టంలో అమ్మేయాల్సి వస్తుంది. ఈ ఊళ్లో కాక ఆ కథ ఇంకెక్కడ పుడుతుంది!

కాలేజీ సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. ఘంటసాల వెంకటేశ్వరరావు కుర్రతనంలో ఇల్లు వదిలి, సంగీతం నేర్చుకోవాలని వెతుక్కుంటూ వచ్చింది ఇక్కడికే. అప్పటికి ప్రిన్సిపాల్ నాయుడు గారే. చేతిలో డబ్బుల్లేని ఆ కుర్రాడికి కాలేజీ ఆవరణలో తలదాచుకోవడానికి చోటిచ్చారని చెబుతారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు గురువయ్యారు. జోలె పట్టి వారాలు అడుక్కుని చదువుకున్న ఆ గొంతు తర్వాత ఏమైందో తెలుగువాడికి చెప్పాలా? ఇదే ఊళ్లో పుట్టిన పి.సుశీల గారూ ఈ కాలేజీ విద్యార్థే. ఇక నాయుడు గారి ఇంట్లో ఫిడేలు ఆగలేదు. కుమార్తె ద్వారం మంగతాయారు, అన్న కొడుకు ద్వారం నరసింగరావు నాయుడు ఆ బాణీని ముందుకు తీసుకెళ్లారు. 

1964 నవంబర్ 25న నాయుడు గారు కన్నుమూశారు. 71 ఏళ్లు. శతజయంతి ఏడాది 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. నల్ల కళ్లద్దాలతో ఉండే ఆయన ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వందేళ్లు దాటిన కాలేజీలో వయోలిన్ క్లాసు ఇప్పటికీ నడుస్తోంది.

వీడియో కావాలంటే మాత్రం నిరాశే. ఆడియో అయితే ఉంది, పాత గ్రామఫోన్ రికార్డుల్లోంచి ఎక్కించినవి యూట్యూబ్‌లో వెతికితే దొరుకుతాయి. ఓ మాట.. అప్పటి రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. బ్లూస్ వాళ్లకీ అదే కొలత, మన విద్వాంసులకీ అదే కొలత. గంటసేపు ఆలాపన చేయగల మనిషి రాగం మొత్తాన్ని ఓ రీల్ కంటే కాస్త ఎక్కువ టైంలో కుదించాలన్నమాట. ఫోన్ స్పీకర్‌లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదట పెనం మీద నూనె చిటపటలాడినట్టు గీర శబ్దం వస్తుంది, రానివ్వండి. ఆ వెనకాల నుంచి ఓ పొడవాటి కమాను లాగుడు మొదలవుతుంది. అందులో స్వరం ఎక్కడ ఆగి, ఎక్కడ జారిందో పట్టుకోవడానికి ట్రై చేయండి.